స్పారింగ్‌కి ఏ గ్లవ్స్ కొనాలి? 10 ఔన్సులవి వేసుకుంటే నిన్న ఒకరికి దెబ్బ తగిలింది

మియాపూర్_కిక్ | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. నాకు 27 ఏళ్లు, 74 కిలోలు ఉంటాను. నాలుగు నెలలుగా ఆఫీసు అయ్యాక కిక్‌బాక్సింగ్‌కి వెళ్తున్నా. చేరిన కొత్తలో ఆన్‌లైన్ సేల్‌లో 900 రూపాయలకి 10 ఔన్సుల గ్లవ్స్ దొరికితే తీసేసుకున్నా. పంచింగ్ బ్యాగ్‌కైనా, ఎదుటివాళ్లు చేత్తో పట్టుకునే ప్యాడ్స్‌కైనా ఇన్నాళ్లూ అవే వాడాను.

నిన్న మాస్టర్ ఊళ్లో లేరు. ఒక సీనియర్ మాతో రెండు రౌండ్లు లైట్ స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే ప్రాక్టీస్ ఫైట్, చేయించాడు. నేను గట్టిగా కొట్టలేదు, నిజంగా కొట్టలేదు. ఒక్క జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్) వేశానంతే. ఎదురుగా ఉన్న తమ్ముడికి ఎడమ కనుబొమ్మ దగ్గర చిట్లింది. రెండు కుట్లు పడ్డాయి. వాడు "ఏం కాదులే అన్నా" అంటున్నాడు కానీ, వాళ్ల అమ్మగారు ఫోన్ చేసి "ఎలా తగిలింది బాబూ" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఇవాళ మాస్టర్‌కి చెప్తే, 16 ఔన్సులవి కొనుక్కునేదాకా స్పారింగ్ వద్దన్నారు. బడ్జెట్ 4000 దాకా పెట్టగలను. అన్నిటికీ ఒకే జత సరిపోతుందా? లెదర్ తీసుకోవాలా? ముందుముందు ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) కూడా నేర్చుకోవాలని ఉంది, దానికీ ఇవే పనికొస్తాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

రింగ్_మూల | సోమవారం, రాత్రి 11:52

తమ్ముడూ, ముందు ఆ పిల్లాడికి తలనొప్పి, వాంతి, కళ్లు మసకబారడం లాంటివేమైనా ఉన్నాయేమో కనుక్కో. కుట్లు మానిపోతాయి. ఇవి ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

నేను నిజామాబాద్‌లో పద్నాలుగేళ్లుగా పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నా. నువ్వు చెప్పింది చదవగానే నాకు అనుమానం వచ్చింది గ్లవ్ సైజు మీద కాదు, లోపలి ఫోమ్ మీద. ఒక పని చెయ్యి. గ్లవ్ లోపల ఒక చెయ్యి పెట్టి, పిడికిలి కణుపులు వచ్చే చోట బయటి నుంచి ఇంకో చేతి బొటనవేలితో గట్టిగా నొక్కు. లోపలి వేలికి బొటనవేలు తెలిసిపోతోందంటే ఆ ఫోమ్ చచ్చిపోయినట్టే. నాలుగు నెలలు బ్యాగ్ మీద బాదావు కదా, 900 రూపాయల గ్లవ్‌లో ఫోమ్ అన్నాళ్లు నిలవదు. నువ్వు మెల్లగానే కొట్టి ఉంటావు. తగిలింది మాత్రం దాదాపు ఉత్త పిడికిలే.

ఇక ఔన్సుల సంగతి. ఔన్సు అంటే ఇంచుమించు 28 గ్రాములు. ఒక్కో గ్లవ్ బరువు అది, జత బరువు కాదు. 10 ఔన్సులంటే 283 గ్రాములు, 16 అంటే 454. ఆ తేడాలో ఎక్కువ భాగం నీ పిడికిలికీ ఎదుటివాడి మొహానికీ మధ్య ఉండే మెత్తదనమే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మామూలుగా బాక్సర్ బరువు 147 పౌండ్ల దాకా, అంటే 66.7 కిలోల దాకా 8 ఔన్సులు వేస్తారు, ఆ పైన 10. అమెచ్యూర్ పోటీల్లో 10, 12. అది చూసి కొత్త పిల్లలు "బాక్సర్లు 10 వేసుకుంటారు కదా సార్" అంటారు. అది పోటీ. పోటీకి ముందు నెలల తరబడి రోజూ ఒకరితో ఒకరు చేసే ప్రాక్టీసులో వాళ్లూ పెద్ద గ్లవ్సే వేస్తారు.

నీ బరువుకి స్పారింగ్‌కి 16. ఇందులో రెండో ఆలోచన వద్దు. బ్యాగ్‌కి వేరే జత, 10 గానీ 12 గానీ. నా దగ్గర ఒకటే నియమం: బ్యాగ్ కొట్టిన గ్లవ్ మనిషిని తాకకూడదు.

అనకాపల్లి_సౌత్‌పా | మంగళవారం, ఉదయం 6:40

మాస్టారూ, మీరు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట. "అందరికీ 16" అని కొన్ని జిమ్‌లలో బోర్డు పెడుతున్నారు. దాంతో నాలాంటివాళ్లకి ఇబ్బంది వచ్చింది.

నేను 51 కిలోలు. చెయ్యి చిన్నది. మొదటి ఏడాది జిమ్‌లో ఉన్న 16 ఔన్సుల మగవాళ్ల గ్లవ్స్ వేసుకుని స్పారింగ్ చేశాను. గ్లవ్ కింద చేతికి గుడ్డ పట్టీ చుట్టుకున్నా లోపల చెయ్యి ఈదుతూ ఉండేది. పిడికిలి బిగిద్దామంటే వేళ్లు గ్లవ్ కొసకి అందేవి కావు. ఒక రోజు హుక్ (పక్క నుంచి వేసే పంచ్) వేస్తుంటే గ్లవ్ ఒకవైపు, చెయ్యి ఒకవైపు తిరిగి బొటనవేలి మొదలు బెణికింది. ఆరు వారాలు దోసె తిరగెయ్యడానికి కూడా ఎడమ చెయ్యే వాడాను. తర్వాత చిన్న చేతులవాళ్ల కోసం చేసిన 14 ఔన్సులవి తీసుకున్నా. అప్పటి నుంచి ఏ గొడవా లేదు.

అందుకే బరువు ఒక్కటే చూసి కొనకండి. ఇంటి నుంచే పట్టీలు పట్టుకెళ్లి, షాపులో చుట్టుకుని మరీ తొడుక్కుని చూడండి. వేళ్ల కొసలు లోపలి అంచుని కొద్దిగా తాకాలి. పిడికిలి బిగిస్తే సులువుగా మూసుకోవాలి. వెల్క్రో వేశాక ఎవరినైనా గ్లవ్ పట్టుకుని లాగమనండి, చెయ్యి లోపల జరగకూడదు. అమ్మాయిలకి ఇది మరీ ముఖ్యం. షాపువాళ్లు లేడీస్ గ్లవ్స్ అనగానే పింక్ రంగు 8 ఔన్సులవి చూపిస్తారు. అవి స్పారింగ్‌కి పనికిరావు.

రింగ్_మూల | మంగళవారం, ఉదయం 7:15

అమ్మా, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నా దగ్గరా యాభై కిలోల లోపు ఆడపిల్లలకి 14 వేయిస్తా, మరీ చిన్న చేతులైతే 12. 2022లో ఇస్తాంబుల్‌లో మన నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయ్యాక ఆడపిల్లల్ని తీసుకుని తల్లిదండ్రులు రావడం బాగా పెరిగింది. వాళ్ల చేతి కొలతకి గ్లవ్ వెతకడమే నాకిప్పుడు పెద్ద పని.

ఒక్క షరతు ఉంది. 50 కిలోల అమ్మాయి 14 వేసుకుని 75 కిలోల అబ్బాయితో చేస్తుంటే, అబ్బాయి 16 వెయ్యాల్సిందే.

మియాపూర్_కిక్ | మంగళవారం, ఉదయం 8:05

మాస్టారూ, మీరు చెప్పినట్టే నొక్కి చూశాను. కుడి గ్లవ్‌లో చూపుడు వేలు, మధ్య వేలు కణుపుల దగ్గర బొటనవేలు లోపలికి దిగిపోయింది. నా గోరు అంచు కూడా వేలికి తెలుస్తోంది. అంచుల్లో మెత్తగానే ఉంది, మధ్యలోనే ఏమీ లేదు. ఇన్నాళ్లూ పైనుంచి చూసి కొత్తగానే ఉన్నాయనుకున్నా.

తమ్ముడికి తలనొప్పి ఏమీ లేదట. నిన్న కాలేజీకి కూడా వెళ్లాడు.

వరంగల్_లెఫ్ట్‌హుక్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

16 ఔన్సులవి తీసుకో బ్రో, ఇంక టెన్షన్ ఉండదు. మేము 16 వేసుకుని ఫుల్ పవర్‌తో కొట్టుకుంటాం, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

కాకినాడ_ఫిజియో | మంగళవారం, రాత్రి 9:10

పైన వరంగల్ సోదరుడు రాసింది చదివి ఆగలేక రాస్తున్నా. గీత పడలేదంటే దెబ్బ తగలలేదని కాదండీ.

గ్లవ్ ఏం చేస్తుందో సరిగ్గా తెలుసుకోవాలి. మందంగా ఉంటే చర్మం చిట్లదు, మొహం మీద ఎముకలు విరిగే అవకాశం తగ్గుతుంది, కొట్టేవాడి చేతికి రక్షణ. తల ఒక్కసారిగా పక్కకి తిరిగినప్పుడు పుర్రె లోపల మెదడు కుదుపుకి లోనవుతుంది. ఆ కుదుపుని ఏ గ్లవ్ పూర్తిగా ఆపలేదు. 16 ఔన్సులతో కొట్టిన హుక్‌కీ తల తిరుగుతుంది. పైగా చెయ్యి నొప్పి పుట్టదు కాబట్టి మనిషి భయం లేకుండా ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు కొడతాడు. హెడ్‌గార్డ్ విషయమూ అంతే. చీరుకుపోవడాన్ని ఆపుతుంది, కుదుపుని ఆపుతుందని నమ్ముకోవద్దు. పెద్ద గ్లవ్, హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ అన్నీ వేసుకుని కూడా దెబ్బలో మూడో వంతు బలమే పెట్టండి. స్పారింగ్ తర్వాత తల బరువుగా ఉండడం, వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడడం కనిపిస్తే ఆ రోజుతో ఆపెయ్యాలి. డాక్టర్ చూసి సరే అనేదాకా రింగ్‌లోకి రాకూడదు.

ఇక చేతుల గురించి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువగా చూసేది చిటికెన వేలి కింద అరచేతి ఎముక, కణుపుకి కాస్త కిందగా విరగడం. దీన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు. తమాషా ఏమీ కాదు, సరిగ్గా అతకకపోతే ఆ కణుపు లోపలికి కుంగిపోయి ఉండిపోతుంది. చూపుడు, మధ్య వేళ్ల కణుపులతో కాకుండా చివరి రెండింటితో తగిలితే ఇది జరుగుతుంది. పట్టీ లేకుండా గ్లవ్ తొడిగితే ఇంకా సులువుగా జరుగుతుంది.

పట్టీ 180 అంగుళాలది తీసుకోండి, నాలుగున్నర మీటర్లు ఉంటుంది. 108 అంగుళాలది పిల్లలకే సరిపోతుంది. వేళ్లు బాగా విప్పార్చి చుట్టాలి. ముడుచుకుని చుడితే తర్వాత పిడికిలి బిగించగానే నరాలు లాగేస్తాయి. బొటనవేలికి లూప్ తగిలించి మణికట్టుకి మూడు చుట్లు, కణుపుల మీద మూడు చుట్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కోసారి, మిగిలింది మళ్లీ మణికట్టుకి. అయ్యాక గోళ్లు చూడండి. తెల్లబడినా నీలంగా మారినా విప్పేసి మళ్లీ చుట్టండి. మొదటి వారం పదిహేను నిమిషాలు పడుతుంది, నెల తిరిగేసరికి రెండు నిమిషాల పని.

వరంగల్_లెఫ్ట్‌హుక్ | మంగళవారం, రాత్రి 10:02

ఫిజియో గారూ, ఇది నాకు తెలీదు. మా గ్యాంగ్‌కి మీరు రాసింది మొత్తం పంపించాను. ఒకడికి స్పారింగ్ రోజు రాత్రి తలనొప్పి వస్తుంటుంది, మాత్ర వేసుకుని పడుకుంటాడు. రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా.

బెజవాడ_గ్రాప్లర్ | బుధవారం, ఉదయం 10:45

ఎంఎంఏ గురించి అడిగావు కదా మియాపూర్ బ్రదర్, ఆ ముక్క నేను చెప్తా. బాక్సింగ్ గ్లవ్స్‌తో గ్రాప్లింగ్ (పట్టుకుని పడేసే కుస్తీ) కుదరదు, ఎందుకంటే ఎదుటివాడి మణికట్టు పట్టుకోవాలంటే వేళ్లు బయటికి ఉండాలి. పోటీల్లో వేసే ఎంఎంఏ గ్లవ్ మామూలుగా 4 ఔన్సులే, అంటే 113 గ్రాములు. పేరున్న ఎంఎంఏ పోటీ యూఎఫ్‌సీలో కూడా గ్లవ్స్ తప్పనిసరి అయింది 1997లో, మొదలైన నాలుగేళ్లకి. దాన్ని వేసుకుని ప్రాక్టీసులో ఎవరి మొహం మీదా కొట్టకూడదు. స్పారింగ్ కోసం 7 ఔన్సులవి వేరే ఉంటాయి, కణుపుల మీద దిండులా ఉబ్బెత్తుగా. మేము వారంలో ఒక రోజు 16తో నిలబడి మాత్రమే చేస్తాం. ఇంకో రోజు 7 ఔన్సులతో, కింద పడేయడంతో సహా, కానీ మొహానికి తాకీ తాకనట్టు. ఇప్పుడే కొనొద్దు. ఎంఎంఏ క్లాసులో చేరాక చూసుకో.

ఇంకో సంగతి, మీది కిక్‌బాక్సింగ్ కాబట్టి. థాయ్ పద్ధతి గ్లవ్స్‌లో ఫోమ్ చెయ్యి వెనకవైపు కూడా పరిచి ఉంటుంది, కిక్ అడ్డుకోవడానికి. మణికట్టు దగ్గర కాస్త వదులుగా వంగుతుంది, మెడ పట్టుకునే క్లించ్ కోసం. బాక్సింగ్ గ్లవ్ అయితే కణుపుల మీద ఎక్కువ, మణికట్టు బిగుతు. మీ క్లాసులో క్లించ్ ఉంటే థాయ్‌వి చూడు. లేకపోతే బాక్సింగ్‌వే కొత్తవాళ్ల మణికట్టుకి మంచిది.

కరాటే_నాన్న | బుధవారం, మధ్యాహ్నం 3:20

మా అబ్బాయికి పదేళ్లు, రాజమండ్రిలో కరాటే నేర్చుకుంటున్నాడు. వాడికీ ఇలాంటి బాక్సింగ్ గ్లౌజులే కొంటే చేతికి రక్షణ ఎక్కువ ఉంటుంది కదండీ? కరాటేకి వాడే గ్లౌజులు, ఆ మిట్స్ చూస్తే మరీ పలచగా ఉన్నాయి.

రింగ్_మూల | బుధవారం, సాయంత్రం 5:00

కొనకండి సార్. కరాటే స్పారింగ్‌లో దెబ్బని మొహానికి ముందే ఆపడం నేర్పుతారు. ఆ అదుపే అక్కడ విద్య. మందం గ్లౌజు తొడిగితే పిల్లాడికి దూరం అంచనా పోతుంది, ఆపాల్సిన దెబ్బ ఆపడు. వరల్డ్ కరాటే ఫెడరేషన్ పోటీల్లో ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం మిట్స్ ఉంటాయి. మీ సెన్సెయ్ (కరాటే మాస్టర్) ఏ రకం చెప్తే అదే తీసుకోండి, చేతికి సరిగ్గా పట్టేది. పెరుగుతాడు కదా అని ఒక సైజు పెద్దది కొనొద్దు, చెప్పుల్లాంటివి కావు ఇవి. మౌత్‌గార్డ్, కాళ్లకి షిన్ ప్యాడ్స్ కొనండి, డబ్బులు వాటి మీద పెట్టండి. ఒలింపిక్స్‌లో ఉండే తైక్వాండో అయితే లెక్క ఇంకోటి, అక్కడ తల మీద పంచ్ కొట్టడానికే వీల్లేదు.

అనకాపల్లి_సౌత్‌పా | గురువారం, ఉదయం 6:30

లెదర్ గురించి ఎవరూ చెప్పలేదు. నా అనుభవం రాస్తాను. 4000 లోపు మంచి లెదర్‌వి దొరకొచ్చు, కానీ వెతకాలి. మీరట్, జలంధర్‌లలో తయారయ్యేవి బోలెడు ఉన్నాయి. లెదర్ ఎక్కువ కాలం వస్తుంది, వాడేకొద్దీ చేతికి అమరుతుంది. ఆవు తోలు ఇష్టం లేనివాళ్లు గేదె తోలా, సింథటిక్‌నా అని ముందే అడిగి తెలుసుకోండి. మైక్రోఫైబర్ రకం సింథటిక్ ఇప్పుడు బాగానే వస్తోంది, వారానికి రెండు మూడు రోజులు చేసేవాళ్లకి చాలు. మెరుస్తూ ప్లాస్టిక్ వాసన వచ్చే రెగ్జిన్ మాత్రం వద్దు. ఏడాదికల్లా పొరలు పొరలుగా లేస్తుంది, ఆ పెచ్చు ఎదుటివాళ్ల మొహం గీరుతుంది.

తాడు కట్టే గ్లవ్స్ జోలికి వెళ్లొద్దు, కట్టడానికి ప్రతిసారీ ఇంకో మనిషి కావాలి. వెల్క్రో చాలు. కొస బయటికి పొడుచుకుని లేకుండా, నిండా అతుక్కునేలా ఉందేమో చూడండి. బొటనవేలు గ్లవ్‌కి కుట్టి ఉండాలి. విడిగా ఉంటే కంట్లో గుచ్చుకుంటుంది, వెనక్కి విరుచుకుంటుంది కూడా.

భీమిలి_అల | గురువారం, రాత్రి 8:40

కొనే ముందు విషయాలు అందరూ చెప్పారు. కొన్నాక విషయం నేను చెప్తాను, ఎందుకంటే సముద్రం పక్కన ఉండి రెండు జతలు పోగొట్టుకున్నా.

ప్రాక్టీస్ అయ్యాక చెమట పట్టిన గ్లవ్స్‌ని బండి డిక్కీలో పడేసి, మర్నాడు సాయంత్రం తీసేవాణ్ణి. నెలన్నరకి లోపల బూజు తెల్లగా పట్టింది. ఆ తర్వాత వేళ్ల సందుల్లో తామర వచ్చింది. స్పారింగ్ చేసినవాళ్లలో ఇంకొకరికి మెడ మీద వచ్చింది. నా వల్లే అని తెలిశాక వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాను.

ఇప్పుడు ఇలా చేస్తున్నా. ఇంటికి రాగానే స్నానం కంటే ముందు గ్లవ్స్ సంగతి. వెల్క్రో పూర్తిగా విప్పి, నోరు తెరిచి, లోపల పొడిగుడ్డతో వేళ్ల కొసల దాకా తుడుస్తాను. పేపర్ ఉండలు చేసి కూరతాను. గంటకి అవి తడిసిపోతాయి, తీసేసి కొత్తవి పెడతాను. ఆ తర్వాత ఫ్యాన్ కింద. ఎండలో పెట్టొద్దు, తోలు బిరుసెక్కి పగులుతుంది, ఫోమ్ కూడా పాడవుతుంది. వాషింగ్ మెషిన్ ఆలోచనే వద్దు. పట్టీలు మాత్రం ప్రతిసారీ ఉతకాలి. అందుకే మూడు జతలు పెట్టుకున్నా, ఒకటి తడిగా ఉంటే ఇంకోటి ఉంటుంది. జిమ్‌లో అందరూ వాడే గ్లవ్స్ వేసుకోవాల్సి వస్తే పట్టీ లేకుండా చెయ్యి పెట్టకండి.

మియాపూర్_కిక్ | ఆదివారం, రాత్రి 9:30

అందరికీ చాలా థాంక్స్. కొన్నాను. ఎలా కొన్నానో రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుందేమో.

నిన్న ఎల్బీ స్టేడియం దగ్గర స్పోర్ట్స్ షాపులకి వెళ్లాను. పట్టీలు జేబులో పెట్టుకునే వెళ్లా. మొదటి షాపులో 2200కి 16 ఔన్సులవి చూపించారు. చేతికి బాగానే పట్టాయి. కానీ పట్టుకుంటే తేలిగ్గా అనిపించాయి. పక్కనే కిరాణా కొట్టు ఉంది. షాపతన్ని అడిగి ఒక గ్లవ్ తీసుకెళ్లి, ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించాను. 396 గ్రాములు. రింగ్_మూల మాస్టారు చెప్పిన లెక్క ప్రకారం 454 ఉండాలి కదా, అంటే ఇవి 14 ఔన్సులే. రెండోది తెచ్చి పెడితే 411. ఒకే జతలో పదిహేను గ్రాముల తేడా! మూట కట్టి తిరిగి ఇచ్చేశా.

మూడో షాపులో 3600కి గేదె తోలువి దొరికాయి. కాటా మీద 449, 452. పట్టీతో తొడుక్కుంటే వేళ్లు కొసని తాకుతున్నాయి, బొటనవేలు కుట్టి ఉంది. కొంచెం గట్టిగా ఉన్నాయి, వాడితే సర్దుకుంటాయన్నారు. మౌత్‌గార్డ్ కూడా తీసుకున్నా. బడ్జెట్ కాస్త దాటింది, ఫర్వాలేదు.

పాత 10 ఔన్సులవి బ్యాగ్‌కి వాడుకోవచ్చా?

రింగ్_మూల | ఆదివారం, రాత్రి 9:58

కాటా మీద పెట్టావు చూడు, నా పిల్లలకి ఎవ్వరికీ రాలేదు ఆ ఆలోచన. రేపు మా జిమ్‌లో ఉన్న జతలన్నీ తూకం వేయిస్తా.

పాతవి బ్యాగ్‌కీ వద్దు. ఎదుటివాడికి తగిలినట్టే నీ కణుపులకీ తగులుతుంది. ఎవరికీ ఇవ్వకు కూడా, ఇస్తే వాళ్లు వేసుకుంటారు. కోసి లోపల చూడు.

కొత్తవాటితో మొదటి రెండు వారాలు ప్యాడ్స్ కొట్టు, ఫోమ్ కొంచెం మెత్తబడుతుంది. ఆ తర్వాత మనిషి మీద.

మియాపూర్_కిక్ | సోమవారం, రాత్రి 10:15

కోశాను మాస్టారూ. కూరగాయల కత్తితో పైన కుట్టు విప్పేసరికి లోపల రెండు పొరలు కనిపించాయి. పై పొర నల్లటి స్పాంజి, కింది పొర పసుపు రంగు. అంచుల దగ్గర రెండూ కలిపి నా బొటనవేలంత మందం ఉన్నాయి. మధ్యలో, కణుపుల చోట, పసుపు పొర పొడి పొడిగా రాలింది. నల్లది రూపాయి బిళ్లంత పల్చగా అణిగిపోయి ఉంది. గోకితే అవతల గుడ్డ కనిపించింది.

ఆ ముక్క ఫోటో తీసి తమ్ముడికి పంపి, "నీకు తగిలింది ఇదిరా, నన్ను క్షమించు" అని రాశాను. పది నిమిషాలకి రిప్లై వచ్చింది. తన గ్లవ్స్ కూడా నొక్కి చూసుకున్నాడట, ఎడమది పోయిందట. కుట్లు గురువారం తీస్తారు. శనివారం వాడితో కలిసి మళ్లీ ఎల్బీ స్టేడియం దగ్గరికి వెళ్తున్నా.